ఫార్మాట్ కొట్టకుండానే ల్యాప్‌టాప్ తెరిచిన షాపు: సీటీసీ, సికింద్రాబాద్

ల్యాప్‌టాప్ పాస్‌వర్డ్ మర్చిపోయామని ఏ షాపుకు వెళ్లినా మొదట వినపడే మాట ఒకటే: "ఫార్మాట్ కొట్టాలి మేడమ్." అంటే డిస్క్‌లో ఉన్నదంతా తుడిచేసి విండోస్ మళ్లీ ఎక్కించడం. మా ఊళ్లో నేనూ అదే విన్నాను. ఆ మాట అనని షాపు ఒకటి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో దొరికింది. చెనాయ్ ట్రేడ్ సెంటర్, అంటే అందరూ సీటీసీ అనే బిల్డింగ్‌లో పై అంతస్తులో ఉంటుంది. షాపు పేరు రాయొద్దని యజమాని కోరాడు. ఇద్దరే పనిచేస్తారట, ఉన్న పనే ఎక్కువైందట. పేరు లేకపోయినా జరిగింది పూర్తిగా రాస్తాను. ఇలాంటి చిక్కులో పడ్డవాళ్లు తమ ఊళ్లోని షాపులో ఏం అడగాలో తెలుసుకోవడానికి పనికొస్తుంది.

హనుమకొండలో నాకు చిన్న డీటీపీ సెంటర్ ఉంది. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. పెళ్లి కార్డులు, కరపత్రాలు, గుడి రసీదు పుస్తకాలు, స్కూళ్ల ప్రశ్నపత్రాలు చేస్తాం. మా వీధిలోనే ఇంకో డీటీపీ నడిపిన పెద్దాయన (నేను అన్నా అనే పిలుస్తాను) షాపు మూసేసి పుణెలో కొడుకు దగ్గరికి వెళ్లిపోయారు. వెళ్లేముందు మే నెలలో తన డెల్ లాటిట్యూడ్ ఈ6430 నాకు ఎనిమిది వేలకు ఇచ్చారు. 2012లో వచ్చిన మోడల్ అది. అంత పాతది ఎందుకని మా ఇంట్లో అన్నారు కానీ, నేను కొన్నది మిషన్ కోసం కాదు, అందులో ఉన్న మ్యాటర్ కోసం. పేజీలు అమర్చే పేజ్‌మేకర్ 7, తెలుగు కొట్టే అను స్క్రిప్ట్, పదిహేనేళ్ల ఫైళ్లు అన్నీ దాంట్లోనే ఉన్నాయి. నాలుగు స్కూళ్ల ప్రశ్నపత్రాల పని కూడా ఆయన నాకే అప్పజెప్పారు.

ఈ పని తెలియనివాళ్లకు ఒక సంగతి చెప్పాలి. అనులో కొట్టిన తెలుగు యూనికోడ్ (ఫోన్లలో, నెట్‌లో అన్నిచోట్లా కనిపించే తెలుగు) కాదు. ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో ఆ ఫైలు తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గీతలు, అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తాయి. ప్రియాంక, అనుపమ లాంటి అను ఫాంట్లలో అమర్చుకున్న పేజీ అచ్చం అలాగే రావాలంటే ఆ ఫాంట్లు, ఆ పేజ్‌మేకర్, ఆ సెట్టింగులు అన్నీ ఒక్కచోట ఉండాలి. అందుకే మా రంగంలో చాలామంది ఇప్పటికీ విండోస్ 7 మిషన్ ఒకటి జాగ్రత్తగా దాచుకుంటారు. దాన్ని ఫార్మాట్ కొడితే ఫైళ్లతో పాటు పనిచేసే పద్ధతంతా పోతుంది.

అన్న వెళ్లేముందు ల్యాప్‌టాప్ తెరిచి అన్నీ చూపించారు. పాస్‌వర్డ్ ఒక చీటీ మీద రాసి బ్యాగులో పెట్టారు. ఎండాకాలమంతా పెళ్లి కార్డుల పనితో నేను దాన్ని ముట్టుకోలేదు. స్కూళ్ల నుంచి ఎస్ఏ-1 (సమ్మేటివ్ పరీక్షల) పేపర్ల కోసం ఫోన్లు మొదలయ్యాక బయటికి తీశాను. చీటీ మీద ఉన్నది ఇంతే: "బిడ్డ పేరు, 92". అన్నకు ఫోన్ చేస్తే బిడ్డ పేరు చెప్పారు. కొట్టాను, తప్పు అంది. మొదటి అక్షరం పెద్దది పెట్టి కొట్టాను, ఎస్ పక్కన హెచ్ పెట్టి కొట్టాను, తీసేసి కొట్టాను. చివర ఒక ఏ, రెండు ఏలు. మధ్యలో ఖాళీ. 92 బదులు 1992. రెండు రోజులు ఇదే పని. అన్న కూడా ఫోన్‌లో బాధపడ్డారు. "పదేండ్లు కొట్టిన గదమ్మా, ఇదే" అన్నారు. ఆయన నిజమే చెప్తున్నారని నాకు తెలుసు. కానీ మిషన్ ఒప్పుకోవడం లేదు.

మా ఊళ్లో మొదటి షాపు అబ్బాయి చూసీ చూడగానే ఫార్మాట్‌కు ఆరు వందలు అన్నాడు. డేటా ఎలా అంటే "పోతది" అన్నాడు. రెండో షాపువాళ్లు పెన్‌డ్రైవ్ పెట్టి పాస్‌వర్డ్ తీసేస్తామన్నారు, ఐదు నిమిషాల పనేనన్నారు. నేను దాదాపు సరే అనబోయాను. అంతలో కరెంటు పోయింది, సాయంత్రం రమ్మన్నారు. సాయంత్రం నేను వెళ్లలేదు. ఆ కరెంటు పోకపోతే ఏం జరిగేదో సీటీసీకి వెళ్లాకే తెలిసింది.

కాజీపేటలో పొద్దున రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగాను. అక్కడ సికింద్రాబాద్ ఈస్ట్‌లో మెట్రో ఎక్కితే రెండో స్టేషన్ ప్యారడైజ్. అక్కడ దిగి పార్క్‌లేన్‌కు నడిచి వెళ్లొచ్చు. నేను చేరేసరికి సగం షట్టర్లు ఇంకా తీయలేదు. సీటీసీ మెట్ల దగ్గరే మనుషులు ఆపి ఏం కావాలి, ఏం రిపేరు అని అడుగుతుంటారు. మొదటిసారి వెళ్లినవాళ్లకు కొంచెం కంగారుగా ఉంటుంది. ఎవరి వెంటా వెళ్లకుండా నేరుగా పైకి ఎక్కడం మంచిది. మా ప్రింటర్ కాట్రిడ్జ్‌లు తెచ్చే ఆయన చెప్పిన గుర్తులు పట్టుకుని నేను షాపు వెతుక్కున్నాను.

షాపంటే ఒక మంచం పట్టేంత జాగా. ముందు కౌంటర్, వెనక బల్ల, బల్ల మీద భూతద్దం ఉన్న లైటు, గోడకు వరుసగా మదర్‌బోర్డులు. కూర్చోవడానికి ఒకటే స్టూలు. యజమాని నడివయసు మనిషి, హిందీలో మాట్లాడతాడు. పని చేసేది ఇరవై ఐదేళ్ల తెలుగు అబ్బాయి.

నేను సంగతి చెప్పాక యజమాని అడిగిన మొదటి ప్రశ్న రేటు గురించి కాదు, మోడల్ గురించీ కాదు. "యే కిస్‌కా హై?" (ఇది ఎవరిది?) అన్నాడు. సెకండ్‌హ్యాండ్ అన్నాను. బిల్లు అడిగాడు. నా దగ్గర బిల్లు లేదు, అన్నకు ఫోన్‌పేలో పంపిన ఎనిమిది వేల ఎంట్రీ చూపించాను. సరిపోదు, అమ్మిన మనిషితో మాట్లాడించమన్నాడు. నాకు ఆ క్షణంలో కొంచెం మనసు చివుక్కుమంది. ఇరవై రెండేళ్లుగా షాపు నడుపుతున్న మనిషిని, నన్ను అనుమానిస్తున్నాడా అనిపించింది. కానీ నేనున్న గంటలోనే ఒక కుర్రాడు ఇంకో ల్యాప్‌టాప్ పట్టుకొచ్చాడు. ఆన్ చేయగానే విండోస్ కూడా రాకముందే పాస్‌వర్డ్ అడుగుతోంది. బిల్లు లేదు, అమ్మినవాడి నంబర్ లేదు. యజమాని మిషన్ మూత వేసి వెనక్కి ఇచ్చేశాడు. ఎక్కువ డబ్బు ఇస్తానన్నా ముట్టుకోలేదు. అప్పుడు నాకు ఆ ప్రశ్న మీద గౌరవం కలిగింది. రేపు నా ల్యాప్‌టాప్ పోయినా ఇలాంటి కౌంటర్ దగ్గరే ఆగాలి కదా.

అన్నతో స్పీకర్‌లో మాట్లాడించాను. మిషన్ కింద ఉన్న సర్వీస్ ట్యాగ్ నంబరు, ఎవరికి అమ్మారు, ఎంతకు అమ్మారు అన్నీ రాసుకుని నా ఆధార్ జిరాక్స్ తీసుకున్నారు. అప్పుడు అబ్బాయి మిషన్ ముందుకు లాక్కున్నాడు.

పాస్‌వర్డ్ జోలికి మాత్రం వెళ్లలేదు. చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. "హార్డ్ డిస్క్ చప్పుడు చేస్తుంది అక్కా, ముందు దీన్ని కాపాడాలె" అన్నాడు. స్క్రూలు తీసి డిస్క్ బయటికి లాగి తన కంప్యూటర్‌కు తగిలించి చూపించాడు. పాడైపోయి పక్కన పెట్టేసిన సెక్టర్ల (డిస్క్‌లో డేటా ఉండే చిన్న గదుల) లెక్క ఎర్రగా కనిపించింది. ఎన్నిసార్లు ఆన్ చేసి పాస్‌వర్డ్ ప్రయత్నిస్తే అంత నష్టం అన్నాడు. రెండు రోజులు నేను చేసింది అదే. ముందు మొత్తం డిస్క్‌ను ఉన్నది ఉన్నట్టు కొత్త ఎస్ఎస్‌డీలోకి (తిరిగే భాగాలు లేని డిస్క్) క్లోన్ చేద్దాం, పాతదాన్ని ముట్టుకోకుండా పక్కన పెడదాం, ఏం చేసినా నకలు మీదే చేద్దాం అన్నాడు. మా పనిలోనూ ఒరిజినల్ పాజిటివ్ (ప్రింటింగ్‌కు వాడే ఫిల్ము) మీద ఎవరూ దిద్దుబాట్లు చేయరు. నాకు వెంటనే అర్థమైంది.

క్లోనింగ్‌కు మూడు గంటలు పైనే పట్టింది. మధ్యలో అడిగిన ప్రతి దానికీ అబ్బాయి ఓపికగా జవాబు చెప్పాడు. కొత్త ల్యాప్‌టాప్‌లలో అయితే బిట్‌లాకర్ అనేది, అంటే డిస్క్ మొత్తానికి వేసే తాళం, ఉండొచ్చట. అది ఒక్కోసారి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ సాధారణంగా మొదటి యజమాని మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోనే ఉంటుంది కాబట్టి, అది దొరకకపోతే డేటా మీద ఆశ వదులుకోవాల్సిందే. కంపెనీల నుంచి వచ్చిన సెకండ్‌హ్యాండ్ మిషన్లలో కొన్నింటిని ఫార్మాట్ చేసి ఇంటర్నెట్‌కు కలపగానే పాత కంపెనీ పేరుతో లాగిన్ పేజీ వస్తుందట. ఆ రిజిస్ట్రేషన్ కంపెనీ తీసేస్తేనే పోతుంది. కొనే ముందు అమ్మేవాడి ఎదురుగానే ఒకసారి రీసెట్ చేసి చూసుకోవాలన్నాడు. ఈ మాట ఎవరూ నాకు ఇంతకుముందు చెప్పలేదు.

క్లోన్ అయ్యాక కొత్త డిస్క్‌ను ల్యాప్‌టాప్‌లో పెట్టి, ఉబుంటు (విండోస్ లాంటి ఇంకో సిస్టమ్) ఉన్న పెన్‌డ్రైవ్‌తో ఆన్ చేశాడు. విండోస్‌లోకి వెళ్లకుండానే ఫోల్డర్లు అన్నీ కనిపించాయి. పెళ్లి కార్డుల ఫోల్డర్ నా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కింది. నాకు ప్రాణం లేచొచ్చింది. తర్వాత "స్కూల్స్" ఫోల్డర్. ఫైళ్ల పేర్లు కనిపిస్తున్నాయి, ఒక్కటి కూడా కాపీ కావడం లేదు. అనుమతి లేదంటోంది.

అబ్బాయి కాసేపు మాట్లాడలేదు. తర్వాత కాగితం తీసుకుని బొమ్మ వేసి చెప్పాడు. విండోస్ 7 ప్రొఫెషనల్‌లో ఒక్కో ఫోల్డర్‌కు విడిగా తాళం వేసుకునే సౌకర్యం ఉంది, ఈఎఫ్ఎస్ అంటారు. ప్రశ్నపత్రాలు బయటికి పోకూడదని అన్న ఆ ఫోల్డర్‌కు అలా తాళం వేసుకున్నారు. ఆ తాళం చెవిని విండోస్ లాగిన్ పాస్‌వర్డ్‌తోనే చుట్టి దాస్తుంది. పెన్‌డ్రైవ్‌తో పాస్‌వర్డ్ బలవంతంగా తుడిచేస్తే లోపలికి వెళ్తాం. డెస్క్‌టాప్ వస్తుంది, అన్నీ బాగున్నట్టే ఉంటుంది. కానీ ఆ ఫోల్డర్ తాళం చెవి పనిచేయదు. అసలు పాస్‌వర్డ్ గుర్తొస్తే తప్ప ఆ ఫైళ్లు తెరుచుకోవు. "ఐదు నిమిషాల్ల తీసేస్తం అన్నోళ్లు ఈ సంగతి చూసిర్రా అక్కా?" అని అడిగాడు. చూడలేదు. పాత డిస్క్ మీదే చేసేసి ఉండేవాళ్లు. ఎస్ఏ-1 ముందు నాలుగు స్కూళ్ల పేపర్లు, లెక్కల పేపర్లలో ఒక్కొక్కటిగా పేర్చిన భిన్నాలు, వర్గమూలాలు, బొమ్మలు, అన్నీ కళ్లముందే ఉండి అందకుండా పోయేవి.

"దీన్ని విరగ్గొట్టొద్దు, గుర్తు తెచ్చుకోవాలె" అన్నాడు అబ్బాయి. సాయంత్రం నాలుగు దాటింది. నాకు టెన్షన్ మొదలైంది.

ఈ రివ్యూ రాస్తున్నదే తర్వాత జరిగిన దాని కోసం. అబ్బాయి ల్యాప్‌టాప్ కీబోర్డును భూతద్దం లైటు కిందికి లాక్కుని అటూ ఇటూ వంచి చూశాడు. నన్నూ చూడమన్నాడు. కొన్ని కీలు నున్నగా అరిగి అద్దంలా మెరుస్తున్నాయి, వాటి మీద అక్షరాలు సగం చెరిగిపోయాయి. ఇంగ్లీషు కొట్టేవాళ్లకు అంతగా పని పడని కుడివైపు మూలలోని గుర్తుల కీలు కూడా అలాగే అరిగాయి. "ఈయన ఇంగ్లీష్ కొట్టే మనిషి కాదు కదా అక్కా" అన్నాడు. కాదు, తెలుగు డీటీపీ అన్నాను. "మరి బిడ్డ పేరు ఏ భాషల కొడుతుండె?"

నా గుండె ఆగినంత పనైంది. ఇరవై రెండేళ్లు అదే పనిలో ఉండి నాకు తట్టని ప్రశ్న. అనులో కీబోర్డు లేఅవుట్లు ఒకటి కంటే ఎక్కువ ఉన్నాయి. నేను నేర్చుకున్నది మాడ్యులర్ అనే లేఅవుట్, మా అన్న నేర్చుకున్నది యాపిల్ అనేది. లాగిన్ పేజీలో అను పనిచేయదు కాబట్టి ఏ కీ కొడితే ఆ ఇంగ్లీషు అక్షరమే పడుతుంది, పైకి కనపడేది చుక్కలే. ఆయన పదేళ్లుగా బిడ్డ పేరును తెలుగులో కొట్టినట్టే వేళ్లతో కొడుతూ వచ్చారు. స్పెల్లింగ్ ఎప్పుడూ అనుకోలేదు. అందుకే ఫోన్‌లో పేరు సరిగ్గానే చెప్పగలిగారు కానీ అక్షరాలు చెప్పలేకపోయారు.

మళ్లీ అన్నకు ఫోన్ చేశాం. అబ్బాయి అడిగాడు: "పెదనాన్నా, మీరు పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు స్పెల్లింగ్ అనుకునేదా?" అవతల నుంచి, "స్పెల్లింగ్ ఎందుకు బిడ్డా? చేతులు పెడితే వస్తది" అన్నారు అన్న. అబ్బాయి ముఖం వెలిగిపోయింది. మనవడి ల్యాప్‌టాప్‌లో నోట్‌ప్యాడ్ తెరిపించమన్నాడు. స్క్రీన్ చూడొద్దు, ఆలోచించొద్దు, షాపులో పొద్దున్నే కూర్చుని కొట్టినట్టే కొట్టమన్నాడు. ఫోన్‌లో కీల చప్పుడు మాకు వినిపించింది, గబగబా, ఆగకుండా. మనవడు ఆ తెరను ఫోటో తీసి వాట్సాప్‌లో పంపాడు. చూస్తే అది ఏ భాషకూ చెందని అక్షరాల వరుస, మధ్యలో ఒక గుర్తు, చివర 92. ఆ వరుస ఏమిటో ఇక్కడ రాయను. అది ఆయన బిడ్డ పేరు.

కొట్టాం. "వెల్కమ్" అని వచ్చింది. అన్న ఇంకా లైన్లోనే ఉన్నారు. నాకు మాట రాలేదు, అబ్బాయే ఆయనకు చెప్పాడు.

"స్కూల్స్" ఫోల్డర్ ఆకుపచ్చ అక్షరాల్లో కనిపించింది. తాళం వేసిన ఫోల్డర్ల పేర్లు విండోస్‌లో అలాగే ఆకుపచ్చగా ఉంటాయట. ఏడో తరగతి లెక్కల పేపర్ తెరిస్తే పేజ్‌మేకర్‌లో ఒక్క గీత కూడా చెదరకుండా వచ్చింది. ఆ తర్వాత అబ్బాయి తనంతట తానే ఇంకో మూడు పనులు చేశాడు. ఆ తాళం చెవి సర్టిఫికెట్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి నా పెన్‌డ్రైవ్‌లో పెట్టి, దానికి నాతోనే పాస్‌వర్డ్ పెట్టించాడు. పాత పాస్‌వర్డ్ ఇచ్చి విండోస్ లోపలి నుంచే కొత్తది మార్పించాడు. ఇలా లోపలి నుంచి మారిస్తే తాళం చెడిపోదట. ఆఖరున, మళ్లీ పాస్‌వర్డ్ మర్చిపోతే పనికొచ్చే పాస్‌వర్డ్ రీసెట్ డిస్క్ తయారు చేశాడు. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2020 జనవరి 14నే ఆగిపోయింది కాబట్టి ఈ మిషన్‌ను నెట్‌కు కలపొద్దన్నాడు. వైఫై ఆపేసి ఇచ్చాడు.

ఖర్చు: చెకింగ్ 300, కొత్త 480 జీబీ ఎస్ఎస్‌డీ 2,400, క్లోనింగ్, మిగతా పని కలిపి 800. మొత్తం 3,500. మా ఊళ్లో అడిగిన ఆరు వందలతో పోలిస్తే ఎక్కువే. నాకు ఇందులో ఒక్క రూపాయి కూడా ఎక్కువ అనిపించలేదు. పాత డిస్క్‌ను కవర్‌లో పెట్టి, మీద తేదీ రాసి తిరిగి ఇచ్చారు. రిపేరు షాపుల్లో పాత విడిభాగం తిరిగి చేతికి రావడం నేనెప్పుడూ చూడలేదు.

నచ్చనివీ ఉన్నాయి. బిల్లు అడిగితే తప్ప ఇవ్వలేదు. ఎస్ఎస్‌డీ వారంటీ కాగితం మీద షాపు ముద్ర వేయడం మర్చిపోయారు. ఇంటికొచ్చి ఫోన్ చేస్తే రెండు రోజులు ఎత్తలేదు, మూడో రోజు ముద్ర వేసిన బిల్లు వాట్సాప్‌లో పంపారు. పని తెమలకపోయినా చెకింగ్ 300 కట్టాలి, ఈ సంగతి ముందే చెప్తే బాగుండేది. ఆడవాళ్లు రోజంతా ఉండాల్సి వస్తే స్టూలు తప్ప కూర్చోవడానికి ఏమీ లేదు. అందుకే ఐదుకు నాలుగున్నర ఇస్తున్నాను.

వెళ్లేవాళ్లు ఛార్జర్ మర్చిపోవద్దు, నయం, నేను తీసుకెళ్లాను. కొన్న బిల్లు గానీ డబ్బు పంపిన రుజువు గానీ పెట్టుకోండి. అమ్మిన మనిషి ఆ రోజు ఫోన్‌లో దొరికేలా ముందే చెప్పి ఉంచండి. ఏ షాపులోనైనా పాస్‌వర్డ్ తీసేస్తామంటే, ముందు డిస్క్ నకలు తీస్తారా, తాళం వేసిన ఫోల్డర్లు ఉన్నాయేమో చూస్తారా అని రెండే ప్రశ్నలు అడగండి. జవాబు నచ్చకపోతే మిషన్ మూత వేసి తెచ్చేసుకోండి.

ఆ రాత్రి పదకొండు దాటాక కాజీపేటలో దిగాను. మర్నాడు పొద్దున మొదటి స్కూలు పేపర్ ప్రూఫ్ తీశాను. హెడ్‌మాస్టర్ సంతకం పెట్టి పంపిన ఆ కాపీని ఫోటో తీసి పుణెకు పంపాను. అన్న దాన్ని పెద్దది చేసి చూసుకున్నట్టున్నారు. పది నిమిషాల తర్వాత జవాబు వచ్చింది: "ఆరో ప్రశ్నల 'క్రింది' అని ఉన్నది, ఆ స్కూలోళ్లు 'కింది' అనే అడుగుతరు, మార్చు." మార్చి ప్రింట్‌కు ఇచ్చాను.